రిజిస్టర్‌లో కొంగ

చిత్తడినేల ఒడ్డున, పక్షుల్ని చూసే చెక్కగదిలో, కిటికీ దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. వాళ్లను చూసి టైలర్‌కు చెమటలు పట్టాయి. భార్య చెవిలో గొణిగాడు.

“వీళ్లంతా నా ఎర్రతల కొంగ కోసమే వచ్చారే. కొంప మునిగింది!”

“ఎందుకూ? పోయిన వారం చూశానని రిజిస్టర్‌లో రాశారుగా.”

“నేను చూసింది ఒక్క కాకిని. అదీ అరిస్తేనే తెలిసింది. అందరూ పేజీలు నింపేస్తుంటే, కాకి అని రాయడానికి నామోషీ వేసింది. నా అంత బడాయికోరు ఇంకోడుంటాడా?”

“తెలుసులెండి. ఆ రోజు మీ కళ్లజోడు నా సంచిలోనే ఉండిపోయింది.”

“తెలిసీ, నా పేరు కింద సాక్షి సంతకం ఎందుకు పెట్టావే?”

“పెళ్లి రిజిస్టర్‌లో మాత్రం అన్నీ చూసుకునే పెట్టానా?”