తిరుపతయ్యగారి నలభై నిమిషాలు

ఏమ్మా సుధేష్ణా, సాయం అడిగే ఫారంలో అన్నిటికీ "తనే చేసుకుంటాడు" అని రాసుకుపోతున్నావు, మీ అబ్బాయి ఆకాష్ ఎప్పట్నించి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడేం? నవ్వకు. ఆ పెన్ను పక్కన పెట్టి ఇలా కూర్చో. మా ఆయన పోయి నాలుగేళ్లు దాటింది, అయినా ఇలాంటి సాయం కోసమే ఒక పొద్దు ఆయన చేసిన పని నాకింకా కళ్లముందే ఉంది. మూణ్ణెల్లు ఉండి పోదామని ఐర్లాండులో ఈ ఆడమ్స్‌టౌన్ వచ్చాం, కరోనాకి విమానాలాగిపోయి ఇక్కడే ఉండిపోయాం. కోడలు సూర్యప్రభ బోమాంట్ ఆస్పత్రిలో నర్సు కదా, ఆ రోజుల్లో ఇంటిపట్టున ఉంటేగా! మనవరాలు చరితకి చేతులు మాట వినవు, నోట్లోంచి మాటా తడుముకుంటూ వస్తుంది. స్నానం మేం ఆడవాళ్లం చూసుకున్నా, అన్నం తినిపించడం, జడెయ్యడం అంతా ఆయనే. ఇక్కడి పెరుగు పులవదని రోజూ విసుక్కుంటూనే తోడుపెట్టేవారు, అదొక కథ, సరే.

చరితకి పద్దెనిమిది నిండబోతుంటే, పెద్దయ్యాక ఎవరి సాయం ఎంత కావాలో చూడ్డానికి సర్కారు తరఫున ఒకావిడ వీడియో కాల్ పెట్టింది. సూర్యప్రభ ఏం చేసిందనుకున్నావు? పిల్లకి పట్టుపరికిణీ కట్టి, గొలుసు వేసి కూర్చోబెట్టింది! అచ్చం పెళ్లిచూపులే. "తింటుందా?" "ఓ, తనే తింటుంది." "స్నానం?" "గ్రాండ్, నో ప్రాబ్లం." ముప్పయ్యేళ్లు బళ్లో పాఠాలు చెప్పినదాన్ని, ఎన్ని మార్కులొస్తే అంత మంచిదని నేనూ తలాడిస్తున్నాను. ఇక్కడ లెక్క వేరమ్మా. ఏది చేసుకోలేదో చెబితేనే సాయానికి మనిషినిస్తారు.

ఆయనకి ఇంగ్లీషు ముక్క రాదు. కానీ కోడలి మొహం చూసి పసిగట్టేశారు. లేచెళ్లి పెరుగన్నం కలుపుకొచ్చి, కెమెరా ముందే పిల్ల పక్కన కూర్చున్నారు. ఒక ముద్ద. మింగేదాకా ఆగడం. గడ్డం తుడవడం. మళ్లీ ముద్ద. "మావయ్యగారూ, తర్వాత పెడుదురుగాని!" అని పళ్లబిగువున సూర్యప్రభ. ఊహూఁ, వింటేనా! నలభై నిమిషాలు. గిన్నె ఖాళీ అయ్యాక, "ఇది ఒక్క పూటది. నాకు డెబ్భై ఎనిమిది. నేను పోయాక ఇది ఎవరు చేస్తారో అడుగమ్మా" అన్నారు. ఆ మాట తన నోటితోనే ఇంగ్లీషులో చెప్పాల్సొచ్చింది పాపం సూర్యప్రభకి.

ఆవిడ అంతా రాసుకుని, "ఇప్పుడు చరితని అడుగుతాను" అంది. దానికేం తెలుస్తుందని నేనే అనబోయాను, తెలుసా? పిల్ల చాలాసేపు తంటాలు పడింది. సూర్యప్రభ మాట అందివ్వబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. ఆఖరికి, ఇక్కడి పిల్లల యాసలోనే, "షవర్‌కి... ఒక గర్ల్... నా ఏజ్" అంది. ఊపిరి పీల్చుకుని, "తాత... ఊరికే... నా పక్కన కూర్చోవాలి" అంది.

ఇప్పుడు సైకిలు మీద మా ఇంటికొస్తుందే, చరితకి స్నానం చేయించే అమ్మాయి, అలా వచ్చిందే.

కాల్ అయిపోయాక ఆయన చాలాసేపు గిన్నె పట్టుకునే ఉన్నారు. "ఇన్నాళ్లలో ఒక్కసారీ దీన్ని అడగలేదేమే సరోజా మనం?" అన్నారు.

ఆకాష్ ఇంట్లోనే ఉన్నాడా? ఇలా రమ్మను.