కల్లుషాపు పక్కన ఛార్జింగ్

ఆలప్పుళ రోడ్డులో, కొత్తగా తెరిచిన కార్ల ఛార్జింగ్ స్టేషన్ ముందు బావా బావమరుదులు.

"ఇంత రోడ్డుంటే కల్లుషాపు పక్కనే దొరికిందా బావా?"

"ఛార్జింగుకి గంట పడుతుందిరా. అంతసేపూ జనానికి కాలక్షేపం ఉండొద్దూ? చూడు, మూడు పాయింట్లూ నిండిపోయాయి!"

"పొద్దున్న కూడా ఇవే కార్లున్నాయే?"

"ఛార్జింగ్ ఎప్పుడో అయిపోయింది. తాగినవాళ్లు బండెలా తీస్తారు? వంతెన దగ్గర పోలీసులున్నారు."

"మరి కొత్తగా వచ్చినవాళ్లు?"

"హారన్ కొట్టి, తిట్టి పోతున్నారు."

"భేష్! మా అక్క గాజులమ్మి తాగుబోతులకి పార్కింగ్ కట్టించావు. ఆటోవాళ్లు నీ పేరు చెప్పుకుని బతుకుతున్నారు. ఆ మధ్యలోది నీ కారే కదా, అదైనా తియ్యి."

"ఎలా తీస్తానురా? చేపల కూర బాగుందంటే నేనూ లోపలికెళ్లాను. ఒక ఆటో పిలిచిపెట్టు. మీ అక్కకి మాత్రం చెప్పకు."