తాత ఊపిన చేతులు

ఆ పేరు కొట్టీకమ్మా రజనీ! ముందా పెన్ను మూసి పక్కనెట్టు. "జనాన్ని సూసి బెదిరిపోతాది, రాయ్‌పూర్ పోటీలకి పనికిరాదు" అని రాస్తావేటి? బెదిరింది మా అమ్ము కాదు. ఎదవపని సేసింది నాను.

నవ్వకు. గురునాథరావు పొద్దున్నే గ్రౌండుకొచ్చి తప్పు ఒప్పుకుంటున్నాడంటే మీ నాన్న కూడా నమ్మడు. ముప్పయ్యేళ్ళు ఉక్కు ప్లాంటులో కలిసి పని సేసాం, ఒక్కసారైనా ఒప్పుకున్నానేటి?

మొన్న ఆదివారం ఏటి జరిగింది? నీ కాడ కసరత్తు నేర్సుకుంటున్న ఎనిమిదిమంది పిల్లలకీ పరుగు పెట్టావు. సెక్టర్ 2 జనమంతా గోడెక్కి ఒకటే సప్పట్లు. మా మనవరాలికి మాటలు మెల్లిగా ఎక్కుతాయి, లెక్కలు అసలే ఎక్కవు. కానీ ఆ కాళ్ళు! ఆరు నెలల్లో నువ్వేటి సేసావో గానీ, అబ్బో, అందరికంటే ముందుంది గుంట. ఆఖరి గీతకి ఇంకో పదడుగులే. నాకు ఒళ్ళు తెలీనేదు. బెంచీ ఎక్కేసి రెండు సేతులూ సాచి ఊపేసాను. దౌడో అమ్ము, దౌడో!

టక్కున ఆగిపోయింది.

నాను ఇంకా గట్టిగా ఊపాను. అది ఇంకా బిర్రుగా నిలబడింది. ఎనకాలున్న ఏడుగురూ దాటెల్లిపోయారు. నువ్వు తల పట్టుకున్నావు. నానేమో నిన్నే తిట్టుకున్నాను, ఇదేం నేర్పిందీ అని! సిగ్గునేని జన్మ.

ఇంటికెల్లి నీళ్ళు తాగి అడిగింది కదా, "తాతా, ఠీక్‌గా ఆగానా?"

అప్పటికి గానీ ఈ మొద్దుబుర్రకి ఎక్కనేదు. నాను క్రేన్ కింద నిలబడి సైగలిచ్చే ఖలాసీని కదమ్మా. పైన నడిపేవోడికి మాట ఇనపడదు, సెయ్యే మాట. రెండు సేతులూ సాచి ఊపితే ఎక్కడిదక్కడ ఆపీమని. ఆ సైగ దానికి నేర్పిందెవరు? నానే! రోడ్డు దాటేటప్పుడు పనికొస్తాదని మా పేట క్యాంప్ 1 అంతా గొప్పలు సెప్పుకున్నాను.

అలా సూడకు. అదీ అబద్దమే. రోడ్డుమీద సెయ్యి పట్టుకునే నడిపిస్తాం కదా, సైగెందుకు?

సుట్టాలొస్తే ముందుగదిలోకి రాకుండా ఆపడానికి నేర్పాను. అదీ అసలు సంగతి. వచ్చినోళ్ళ మెళ్ళో సేతులేసేస్తాది, గట్టిగా నవ్వేస్తాది. నాకేమో సిగ్గు, పెద్ద కలెక్టర్ని మరి! కుర్సీలోంచి లేవకుండా సేతులూపితే సాలు, పరదా ఎనకాల ఆగిపోయేది. ఎంత హుషారు పిల్లో సూడు, ఒక్కరోజులో నేర్సుకుంది. తరవాత నాను షాబాష్ అంటే మురిసిపోయేది.

ఒకసారి సుట్టాల్ని సాగనంపడానికి ఆటో దాకా ఎల్లి, కబుర్లలో పడి, టీ కూడా తాగి గంటకి తిరిగొచ్చాను. అది పరదా ఎనకాలే ఉంది. నిలబడే ఉంది. రమ్మని సైగ సెయ్యడం మర్సిపోయాను మరి. ఈ మాట ఇంట్లో ఎవరికీ సెప్పనేదు. ఇదిగో, నీకే.

అంచేత రాసుకో. గుంట బెదరనేదు, తాత ఆపాడు. జనం సప్పట్లు కొడితే దానికి పండగే. రాయ్‌పూర్ తీసుకెల్లమ్మా, నీకు దండం పెడతాను. నన్ను మాత్రం ఒద్దు. తప్పదంటే నా రెండు సేతుల్లోనూ రెండు సంచులెట్టు, బరువైనవి.

ఏటి? అమ్ము ఎక్కడా?

అదిగో, గేటు కాడ. ఈ మాటలు దాని సెవిన పడకూడదని... ఆఁ, నానే ఆపాను. అలాగే ఊపి. వచ్చిన కాడ్నుంచీ అలా నిలబడే ఉంది. ఏటి సెయ్యమంటావు, అలవాటు!

నువ్వే పిలువమ్మా. నా సేతులు ఎనక్కి కట్టీసుకుంటున్నాను. మళ్ళీ ఏ సైగ సేస్తానో.