జడ్సన్ కూత

దొరవారిసత్రం అవతల పడవల రేవు. అక్కడ గంగులయ్య పెళ్ళాం కామమ్మ టీ బంకు. ఆ పొద్దున ఊరి తరఫున పేరు రాసుకుపొయ్యే లాజరస్ బెంచీ మీద కాగితం పెట్టుకుని కూర్చున్నాడు. శనివారం నాయుడుపేటలో సెల్లులో ఆడే కబడ్డీ పోటీ, ఊరికి ఒక్క పేరే. పది గంటల బస్సుకు ఆ పేరు పోవాల. కామమ్మ కూతురు రోజారమణి ఏడాదిగా వల బాగుచేసుకుంటానే కూత నేర్చింది. "నా పేరు చెప్పమ్మా" అని రాత్రంతా పోరింది. చెబుదామని కామమ్మ గొంతు సవరించుకునేలోపల, ఆ పేరు తనదే కావాలని జడ్సన్ వచ్చి కూర్చున్నాడు.

ఆ ఆటలో కూత నిజంగానే పెట్టాల. ఫోను ముందు కబడ్డీ కబడ్డీ అంటున్నంతసేపే తెర మీది మనిషి అవతలి వాళ్ళ మధ్య తిరుగుతాడు. ఊపిరి తెగిందా, పట్టేస్తారు.

"నేనేమంత గొప్పోణ్ణి కాదు లాజరన్నా," అని మెత్తగా ఎత్తుకున్నాడు జడ్సన్. "ర్యాంకుల ఆటలో చిన్న కంత కనిపెట్టినా, అంతే. ఆ ఫోనుకు కబడ్డీ అనే మాట తెలీదు, ఆగని మోత కావాల. గంగులయ్యన్న పడవ ఇంజను మీద ఫోను పెట్టి, స్టార్టు చేసి, నేను అన్నానికి పొయ్యినా. తినొచ్చేసరికి నావోడు ఏడుగుర్నీ తాకేసుండాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఏమైందని బెంచీ చివర టీ తాగుతున్న మధుబాబు అడిగినాడు. అడక్కపోయినా చెప్పేవాడే.

"ఇంజను ఆపలా. మూడు దినాలు. తాకేదానికి మనుషులు చాలక రిఫరీని తాకినాడు, చూసేదానికి వచ్చినోళ్ళను తాకినాడు, శనక్కాయలమ్మేవాణ్ణి కూడా వదల్లా. గోడ దాటి పక్క స్టేడియంలోకి దూరితే, ఆడ క్రికెట్టు ఆడతా ఉండారు."

"అది వేరే ఆట కదన్నా."

"కూత ఆగితే గదా మధూ, వాడికి తెలిసేది? పదకొండు మందినీ అవుటు చేసినాడు. నా ర్యాంకు ఒకటి. ఒకటి దాటి సున్నా. సున్నాకు పైన అంకె లేక, ఊరికే దణ్ణం బొమ్మ వేసినారు. నాలుగో దినం కంపెనీవాళ్ళు పడవేసుకుని వచ్చినారు. మావోడు వాళ్ళ ఆఫీసులోకి పొయ్యి మేనేజరును తాకినాడంట. ఆయన గేటు బయట కూర్చోనుండాడు. అవుటైనోడు కదా, తన జట్టోళ్ళు ఒక పాయింటు తెస్తేగాని లోపలికి రాకూడదని, అన్నం కూడా ఆడనే తింటన్నాడంట."

బెంచీ అంతా నవ్వింది. నవ్వుతానే లాజరస్ పెన్ను మూత తీసి కాగితం మధ్యలో 'జ' అని పెట్టినాడు.

కామమ్మ వడపోత గుడ్డ పిండింది. తల ఎత్తలేదు. టీ గిన్నెతో చెప్పినట్టు చెప్పింది.

"మా ఆయన ఇంజను రెండు నెల్లుగా నాయుడుపేట షెడ్డులో విప్పి పడుంది కదా, జడ్సనూ."

పెన్ను ఆగింది. జడ్సన్ ఆగలేదు.

"అదే వదినా నేను చెప్పేది. ఇంజను యాడుంది? ఆ మోత నా గొంతు."

కామమ్మ డబ్బాల వెనక నుంచి కూతురి ఫోను తీసి, ఆట తెరిచి, అతని ముందు పెట్టింది. "అయితే పెట్టు నాయనా," అన్నది.

జడ్సన్ రొమ్ము పొంగించినాడు. కబడ్డీ కబడ్డీ కబడ్డీ కబడ్డీ. తెర మీది మనిషి గీత దాటినాడు. టీలు పక్కన పెట్టి అందరూ వంగినారు. అందరూ తననే చూస్తున్నారని జడ్సన్‌కు తెలిసింది. గొప్ప చెప్పుకోకుండా ఉండేది ఇంక అతనివల్ల కాలా.

"చూస్తుండారా నా ఊపిరి," అన్నాడు.

కూత తెగింది, తెర మీద ఏడుగురూ వాడి మీద పడినారు.

లాజరస్ 'జ' కొట్టెయ్యలా. దానికి ముందు 'రో' చేర్చి, దీర్ఘమిచ్చి, పక్కన 'రమణి' అని రాసి, బస్సుకు లేచినాడు.