ఖాళీ మిక్సీ

సెలవులకని అద్దె కారులో ఊళ్ళు చుడుతూ మేనత్త ఇంట్లో రెండు రోజులు ఆగారు. మూడో రోజు పొద్దున గేటు దగ్గర కారు వెనక తలుపు తెరిచి ఉంది, లోపల పిల్ల, బయట తల్లి, చేతిలో జాకీ రాడ్డుతో తండ్రి.

"మళ్ళీ చెప్పు. అప్పుడు ఇంట్లో ఎవరెవరున్నారు?"

"మామయ్య వాళ్ళమ్మ, అదే మామ్మ. చిన్న మామయ్య. ఆయన భార్య. అమ్మ. నేను. లోపలి గదిలో మామయ్యా, అత్తా. నువ్వు ఇక్కడ కారు కడుగుతున్నావు నాన్నా."

"ఐదుగురు! గది బయట ఐదుగురుండి ఒక్కరూ అడ్డం పడలేదా? గుడ్లప్పగించి ఏం చేస్తున్నారు?"

"చిన్న మామయ్య గడ్డం గీసుకుంటున్నాడు. ఒక చెంప అయింది. రెండో చెంప నురగతోనే అలా నిలబడిపోయాడు. వాళ్ళావిడ టీవీ సౌండు పెంచింది."

"మీ అమ్మ?"

"బట్టలు సర్దుతోంది. మడతపెట్టిన చీరే విప్పి మళ్ళీ మడతపెట్టింది."

"విన్నావా? నా చెల్లెలి తల బల్లకేసి బాదుతుంటే నువ్వు చీరలు మడతపెడుతున్నావు!"

"మిక్సీ మోతలో ఏం వినపడుతుందండీ... కాస్త నెమ్మదిగా. నలుగురూ వింటారు."

"విననీ! ఒరేయ్, బాత్రూంలో దాక్కున్న మొనగాడా, నువ్వూ విను! గడియ తియ్యరా!"

"బావా, మా అన్నయ్య మీద కోపం తగ్గించుకో బావా. మొగుడూ పెళ్ళాలన్నాక సవాలక్ష ఉంటాయి. అందరిళ్ళల్లో ఉండేదే."

"అందరిళ్ళల్లోనా! ఆడదాని మీద చెయ్యి చేసుకునేవాడు మనిషేనట్రా? బయటికి రా, ఈ రాడ్డుతో నీ మోకాలి చిప్పలు లేపేస్తాను! రాకపోతే తలుపు బద్దలు కొడతాను!"

"తలుపు జోలికి పోకు బావా. అద్దె ఇల్లు."

"నాన్నా, కూర్చో నాన్నా. రాడ్డు కారుకి తగులుతోంది."

"తగలనీ! చెప్పు. మిక్సీ వేసిందెవరు?"

"మామ్మ."

"పొద్దున్నే ఏం రుబ్బుతోంది ముసలావిడ?"

"ఏమీ లేదు. ఖాళీది."

"ఖాళీదని నీకెలా తెలుసు?"

"చప్పుడులో తెలుస్తుంది."

"చప్పుడులోనా?"

"లోపల ఏదైనా ఉంటే గొంతు బరువుగా ఉంటుంది. ఖాళీదైతే కీచుమంటుంది. కాసేపటికి కాలిన వాసనొస్తుంది."

"వంటింటి గడప తొక్కవు, ఇదంతా నీకెలా తెలుసే?"

"తెలుసు."

"ఎలా అంటే?"

"తెలుసు నాన్నా. తర్వాత నేను ప్లగ్గు పీకేశాను."

"నువ్వా? పిల్లిలా అడుగు చప్పుడు కూడా చెయ్యవు, నువ్వా?"

"పీకగానే మోత ఆగిపోయింది. అప్పుడు లోపల అత్త తల బల్లకి తగిలింది. మళ్ళీ తగిలింది. మూడోసారి అత్త 'అమ్మా' అంది. నువ్వు బకెట్టు పడేసి పరిగెత్తుకొచ్చావు."

"నా బంగారుతల్లివి. పొద్దస్తమానం ఏదో పుస్తకంలో గీకుతుంటావుగా, ఇదంతా అందులో రాశావా?"

"ఊ."

"ఇలా ఇవ్వు. స్టేషన్లో చూపిస్తాను. పదిహేనేళ్ళ పిల్ల అక్కడే ఉండి విని రాసింది, ఎవడు కాదంటాడో చూస్తా."

"వద్దు నాన్నా. నేను నోటితో చెప్తాను."

"నోటితోనా! బళ్ళో మాస్టారు పేరడిగితే ఏడ్చిన దానివి. పుస్తకమివ్వు."

"ఆ ఒక్క పేజీ చింపి ఇస్తాను."

"చింపిన కాగితానికి విలువేముంటుంది? మొత్తం కావాలి."

"ఏవండీ, దాని పుస్తకం దానికొదిలెయ్యండి."

"నువ్వు నోరు మూసుకో! నీ సంగతి ఇంటికెళ్ళాక చెప్తా."

"అన్నయ్యా, నా కుట్టు మిషను డిక్కీలో పట్టిందా?"

"పట్టింది చెల్లీ. నువ్వెందుకు లేచొచ్చావు? నెత్తురింకా ఆగలేదు. గుడ్డ గట్టిగా అదుముకో."

"ఎదురింటివాళ్ళ చొక్కా ఒకటి మిగిలిపోయింది. కాలరు వెయ్యలేదు."

"తల పగిలి నువ్వుంటే కాలరు గొడవేంటే! ఎక్కు. మా ఇంట్లో నీ మీద ఈగ వాలనివ్వను."

"ఎక్కుతాను. ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ మిషనొక్కటే. అది కారెక్కిందంటే నేనెక్కినట్టే."

"ముందు నీ మేనకోడలికి చెప్పు, ఆ పుస్తకమివ్వమని."

"ఇవ్వవే తల్లీ. ఆరేళ్ళుగా మెట్ల మీద జారానని అందరికీ చెబుతున్నాను. మా ఇంట్లో మెట్లే లేవు. ఒక్కరైనా ఉన్నది ఉన్నట్టు రాశారంటే నాకదే చాలు."

"అయితే వెనక నుంచి తెరువత్తా. చివరి పేజీ. ముందుకి తిప్పకు."

"కళ్ళు మసగ్గా ఉన్నాయే... ఇదేగా? 'ఇవాళ అమ్మ తల గోడకి తగిలింది. నేను మిక్సీ వేశాను. ఖాళీది.'"

"అది కాదత్తా."

"అమ్మ తలా?"

"అది కాదు, చివరిది. ఇలా ఇవ్వు, నేను తీస్తాను."

"ఉండు. 'నాన్న అలిసిపోయేదాకా వేస్తూనే ఉన్నాను. పొగ వచ్చింది, మిక్సీ కాలిపోయింది. మర్నాడు నాన్న కొత్తది కొనుక్కొచ్చాడు.' అన్నయ్యా!"

"పిల్లది... పిచ్చి రాతలవి."

"ఇందాక స్టేషన్లో చూపిస్తానన్న రాతలేగా?"

"చెల్లీ, ముందు కారెక్కు. దార్లో మాట్లాడుకుందాం."

"డిక్కీ తియ్యి."

"ఎందుకు?"

"నా మిషను దింపు. ఆ రాడ్డు కింద పెట్టి దింపు."

"ఎక్కడికెళ్తావే ఆ తలతో?"

"ఎక్కడో చోట పెట్టుకుని తొక్కుకుంటాను. ఆ ఇంట్లోకీ పోను, నీ ఇంటికీ రాను."

"ఇదిగో! పట్టుకుపో! చావు!"

"మెల్లగా! విసిరేస్తావేం, చక్రం విరిగిపోతుంది!"

"వదినా, నా కూతురి రాతలు పట్టించుకోకు. ఉన్నదీ లేనిదీ గీకుతుంది. చిన్నప్పట్నించీ అంతే."

"వదినా, నేను మెట్లని చెప్పేదాన్ని. నువ్వేమని చెబుతావు?"

"ఏం చెబుతాను?"

"చెప్పు."

"...తలుపు అంచు తగిలిందని."

"పిల్లని దింపు. ఇద్దరూ నాతో రండి."

"ఇంకా ఆరు రోజుల సెలవులున్నాయి వదినా. దానికి సముద్రం చూపిస్తామన్నాం."

"అత్తా, నేను దిగుతాను. చెయ్యివ్వు."

"దిగావంటే కాళ్ళు విరగ్గొడతాను! లోపలే ఉండు! ఇంటి గుట్టంతా పుస్తకానికెక్కిస్తుందా! ఉండు, ఈ ఊరు దాటనీ, నీ వేళ్ళు..."

"అన్నయ్యా, దాని మీద చెయ్యి వేశావంటే చూడు! వదినా, పిల్లని నాకొదిలెయ్యి."

"చెయ్యి తియ్యి వదినా. తలుపేస్తున్నాను, వేళ్ళు నలుగుతాయి."

"అమ్మా, వెయ్యకమ్మా! అమ్మా..."

"ఏవండీ, మీరెక్కి పాటేదైనా పెట్టండి. గట్టిగా పెట్టండి."