ఒకటి కొట్టాల్నా, రెండా

ఎల్లారెడ్డి పక్క ఊరు, 2012. తాటిచెట్టు మీదినుంచి పడి నడుము కింద స్పర్శ పోయిన సాయాగౌడ్ మంచంమీద ఉన్నాడు. తల్లి భూదవ్వ, భార్య గంగమణి చెరోపక్క.

"ఫోను బియ్యం డబ్బల పెడ్తరా ఎవరన్న? ఏందత్తా గిది?"

"పెడ్త. పొద్దువొడువంగనే టింగుమంటది. నా కొడుకు ఉలిక్కిపడ్తడు."

"అది దవాఖాన మెసేజ్. వీపు అద్దంల సూస్కోమంటది. బాగుంటె ఒకటి, పుండుంటె రెండు కొట్టుమంటది."

"నేను తీసిస్తె కొడ్తనే ఉన్నడు గద, రోజు ఒకటి!"

"మరి దుప్పటికి గీ నెత్తురేంది?"

"నల్లి నలిగిందేమో."

"గింత మరకకు ఏనుగంత నల్లి గావాలె!"

"గంగమణీ, ఏం నెత్తురే?"

"నీదే. జర ఆ మంచం పట్టె పట్టుకో, పక్కకు మళ్లుపుత."

"ముట్టకు వాన్ని! పొద్దుగాల నేనే సూసిన. ఏం లేదు."

"అద్దం రోజు నువ్వే పడ్తున్నవా అత్తా?"

"నువ్వు బీడీలిచ్చి రానీకె కార్ఖానకు పోతివి. ఇంకెవలు పడ్తరు?"

"అయ్యో... అయ్యయ్యో. పుండు గాదిది, గుంత. రూపాయి బిళ్ల వడ్తది. పసుపు గూడ పెట్టి ఉన్నది."

"పసుపా? అవ్వా, ఏం లేకుంటె పసుపెందుకు పెట్టినవ్?"

"ఊకెనే పెట్టిన."

"ఊకెనేనా? నాకు కాలవెట్టినా తెల్వది గదనే! నీ కండ్లు నమ్మి ఒకటి కొట్టిన."

"ఎర్రగ ఉండె, అంతే. మానుతదనుకున్న."

"ఎన్నడు మానుతది?"

"మానుతదనుకున్న కొడుకా..."

"ఎర్రగున్ననాడే రెండు కొడ్తె, దవాఖాన సిస్టర్ అప్పుడే రమ్మనేది అత్తా!"

"అందుకే చెప్పలే! వీని బాపును గట్లనే రమ్మన్నరు. జరమొస్తె కామారెడ్డి తోల్కపోయిండ్రు. జీపుల తెచ్చి వాకిట్ల పండవెట్టిండ్రు. నేను ఇంటికాడనే ఉంటి. ఆఖరికి ఆయనతోని ఒక మాటన్న మాట్లాడలే."

"అది వేరే, అత్తా. ఈ చీము లోపలికి పోతె..."

"పంపియ్య! కాళ్లు వొయినయ్. మనిషినన్న ఉండనియ్యిండ్రి."

"ఊకో అవ్వా, ఏడ్వకు. గంగమణీ, ఫోను ఇటియ్యి."

"ఏం చేస్తవ్?"

"రెండు కొట్టిన."

"సాయిగా! నన్ను అడగకనే?"

"సిస్టర్ మల్ల మెసేజ్ పెట్టింది. ఈ పొద్దే రమ్మంటుంది. పోతున్న. గంగమణీ, ఆటో పిలువు. నువ్వు ఇంటికాడ మన పిల్లను సూస్కో."

"నేను లేకుండ ఎవరితోని పోతవ్?"

"అవ్వతోని."

"నేనా? నాతోని గాదు బిడ్డా. ఆ దవాఖాన మెట్లు నేనెక్క."

"ఎక్కాలె అవ్వా. నన్ను తోల్కపొయ్యేది నువ్వే, తోల్కొచ్చేది నువ్వే."