పాపకేం ఇష్టం?

డ్యూటీ నుంచి పరుగున వచ్చిన భర్తను భార్య బడి గేటు పక్క బల్ల మీద కూర్చోబెట్టింది. పాప కాస్త దూరంలో ఆడుకుంటోంది.

“ఏమన్నారు? ఇక్కడా పాపని చేర్చుకోవడం కుదరదన్నారా?”

“ఒప్పుకున్నారండీ! పాప పక్కనే కూర్చుని నేర్పడానికి ఒక టీచరమ్మని పెడతారట. క్లాసులో గోల పాప భరించలేకపోతే లైబ్రరీలో కూర్చోవచ్చట.”

“గట్టిగా పోట్లాడావా?”

“నడుం బిగించుకునే వెళ్లాను. ఆ అవసరమే రాలేదు. హెడ్‌మిస్ట్రెస్ గారు ముందుగా, పాపకేం ఇష్టం అని అడిగారు.”

“ఏమేం రాదో అడగలేదా?”

“లేదు. ఇన్నాళ్లూ అందరూ అదేగా అడిగారు! ఈవిడకి నేను జవాబు చెప్పేలోపే ఇంకొకరు చెప్పేశారు.”

“మరి ఎవరు చెప్పారు?”

“పాపే చెప్పింది. కొత్తవాళ్ల ముందు నోరు విప్పని పిల్ల, ఆవిడ వంక చూసి, ‘వానంటే ఇష్టం’ అంది.”

“ఏమందీ? ఇంకోసారి చెప్పవే.”